అంచు విరిగిన కప్పు, గీత పడ్డ డిస్కు

‘వన్స్ అపాన్ ఎ టైమ్’ అనే అమెరికన్ టీవీ సీరియల్ మొదటి సీజన్‌లో ఎపిసోడ్లు 22. నేను 2013లో చూసినదాంట్లో ఓ ఆరు నిమిషాలు తక్కువ. ఆ ఆరు నిమిషాలు లేకపోవడం వల్ల ఏడేళ్లపాటు ఒక పాత్రను తప్పుగా అర్థం చేసుకుని, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ అదే తప్పు చెబుతూ తిరిగాను. ఇప్పటికి సీజన్ మొత్తం మూడుసార్లు చూశాను కాబట్టి లెక్క సరిచేసుకుందామని ఇది రాస్తున్నాను.

కథ చాలామందికి తెలిసిందే. దుష్టరాణి శాపానికి స్నోవైట్ మొదలు మరుగుజ్జుల దాకా అందరూ గతం మరిచిపోయి, అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో స్టోరీబ్రూక్ అనే చిన్న ఊళ్లో మామూలు మనుషుల్లా బతుకుతుంటారు. స్నోవైట్ బడిపంతులమ్మ, రాణి ఊరికి మేయరు, కథల్లోని కీచురాయి మానసిక వైద్యుడు. గడియార స్తంభం 8:15 దగ్గర ఆగిపోయి ఇరవై ఎనిమిదేళ్లు. హోటలూ సత్రమూ నడిపే గ్రానీని చూడగానే మన పేదరాశి పెద్దమ్మ గుర్తొచ్చి నవ్వుకున్నాను. కాకపోతే ఈ పెద్దమ్మకు విల్లంబులు పట్టడం కూడా వచ్చు.

నాకు పిచ్చి పట్టించింది మాత్రం వీళ్లెవరూ కాదు, మిస్టర్ గోల్డ్ తాకట్టు కొట్టు. ఈ సీజన్ ప్రత్యేకత అంతా ఆ కొట్టులో ఉందని ఇప్పటికీ అంటాను. ఊళ్లో మాయ లేదు, మనుషులకు జ్ఞాపకం లేదు. ఆ కొట్టులో సామాన్లు మాత్రం పాత లోకానివే. పుట్టబోయే పాప ఉయ్యాల మీద వేలాడదీసిన ఒంటికొమ్ము గాజు గుర్రాల బొమ్మలు, ఒకప్పుడు మనుషులైన కొయ్యబొమ్మల జంట, అన్నీ దుమ్ము పట్టి బల్లల మీద పడి ఉంటాయి. స్నోవైట్ భర్త డేవిడ్ ఒకరోజు ఆ కొట్టులోకి వచ్చి తన బిడ్డ కోసం చేయించిన ఆ గాజు బొమ్మలనే అలా చూస్తూ నిలబడతాడు. అవి ఏమిటో అతనికి తెలియదు, మనకు తెలుసు. కత్తి లేదు, నిప్పులు కక్కే డ్రాగన్ లేదు, ఒక మనిషి ఒక వస్తువు ముందు తడబడి నిలబడ్డాడంతే. ఇలాంటి చోట్ల ఈ సీజన్ చెయ్యి ఎక్కడా తప్పలేదు.

నేను దీన్ని చూసింది గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టులు చేసే రోజుల్లో. పొద్దున ఏడింటికి గదికి చేరితే నిద్ర పట్టేది కాదు. పని మీద అమెరికా వెళ్లొచ్చిన స్నేహితురాలు డీవీడీల పెట్టె తెచ్చి ఇచ్చింది. డీవీడీలు ఏ దేశాల్లో ఆడాలో ప్రాంతాల నంబర్లతో కట్టడి చేస్తారు. అక్కడి డిస్కులు ఒకటో ప్రాంతానివి, మన దేశం ఐదో ప్రాంతం, కాబట్టి మా ప్లేయరు వాటిని ముట్టుకోనంది. చివరికి కంప్యూటర్ డ్రైవులో ప్రాంతం మార్చుకున్నాం. అలా మార్చడానికి ఐదుసార్లే అవకాశం ఉంటుందని అప్పుడే తెలిసింది. మూడు వరాలు, ఐదు వరాలు అన్నట్టు లెక్కబెట్టుకుని వాడాం.

పన్నెండో ఎపిసోడ్ దగ్గర డిస్కు ఆగింది. తప్పు మాదే. ఎవరో దాన్ని కవరులో పెట్టకుండా టిఫిన్ క్యారియరు మీద బోర్లించారు. ఎవరన్నది ఇంకా తేలలేదు, ముగ్గురం ముగ్గురినీ అనుకున్నాం. 2012లో ప్రేమికుల రోజుకు రెండు రోజుల ముందు ప్రసారమైన ఎపిసోడ్ అది. కోటలో రంపెల్‌స్టిల్ట్‌స్కిన్, అతని దగ్గర పనికి కుదిరిన బెల్. ఇవతల ఊళ్లో గోల్డ్ పేరుతో ఉన్న ఆ రంపెల్‌స్టిల్ట్‌స్కినే, అతను వ్యాను జప్తు చేసిన పూల వ్యాపారి. పూలవాడు గోల్డ్ ఇంట్లో దొంగతనం చేస్తాడు. సామానంతా దొరుకుతుంది, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాని కోసం గోల్డ్ అతన్ని అడవిలోకి ఎత్తుకుపోయి చేతికర్రతో చావబాదుతాడు. ఊరి షెరిఫ్, స్నోవైట్ కూతురు ఎమ్మా వచ్చి ఆపి గోల్డ్‌నే లోపల వేస్తుంది. తర్వాత మేయరు రెజీనా స్టేషనుకు వచ్చి ఊచల ఇవతల కూర్చుంటుంది. బొమ్మ అక్కడ బిగుసుకుపోయింది. డిస్కు తుడిచాం, ఊదాం, టూత్‌పేస్టు కూడా రాశాం (రాయకండి). ఎన్నిసార్లు వేసినా రెజీనా కూర్చుంటుంది, అంతే. ఏదో బెదిరింపు ఉండి ఉంటుందనుకుని పదమూడోదానికి వెళ్లిపోయాం.

దాంతో గోల్డ్ నా లెక్కలో ఒక బేరగాడుగా మిగిలిపోయాడు. తన సొత్తు ముట్టుకుంటే ఊరుకోని మనిషి, ఏ బేరంలోనూ ఓడని మనిషి. పందొమ్మిదో ఎపిసోడ్‌లో కొడుకనుకున్నవాడి ముందు ఏడ్చినా అదీ ఒక ఎత్తుగడేననుకున్నాను. ఇక చివరి ఎపిసోడ్‌లో బెల్ నడుచుకుంటూ కొట్టులోకి వచ్చేసరికి మా గదిలో పెద్ద తగాదా. చచ్చిపోయిందని రెజీనాయే కదా చెప్పింది, ఇప్పుడు ఎలా బతికింది? ‘ఇంతవరకూ జరిగిన కథ’ వచ్చినప్పుడల్లా దాటించేసే అలవాటు నాది, కాబట్టి ఆ దారీ మూసుకుపోయింది. రాసినవాళ్లు మరిచిపోయి ఉంటారని నేను తీర్పు చెప్పాను. అందరికీ అదే చెప్పాను. సీజన్ బ్రహ్మాండం, చివర్లో ఒక్క పొరపాటు ఉందని.

2020లో ఇళ్లలోనే ఉండిపోయిన రోజుల్లో మా అక్క కూతురు మా దగ్గర చిక్కుకుపోయింది. పన్నెండేళ్ల పిల్ల. ఓటీటీలో మళ్లీ మొదటి నుంచీ పెట్టాం. పన్నెండో ఎపిసోడ్‌లో రెజీనా స్టేషనులోకి వచ్చి కూర్చుంది. ఇక్కడితో అయిపోతుందని రిమోటు అందుకోబోయాను. అవలేదు.

రెజీనా పేరు అడుగుతుంది. గోల్డ్ అంటాడు. ఈ భూమి మీద అదే నా పేరు అంటాడు. మరి వేరే చోట గడిపిన కాలంలో? ఆమె దగ్గర ఏముందో అప్పుడు తెలుస్తుంది, పోయిన ఆ ఒక్క వస్తువు. అతను ఒక క్షణం ఆగి, రంపెల్‌స్టిల్ట్‌స్కిన్ అని చెబుతాడు. నాది నాకు ఇవ్వు అంటాడు. ఆమె సంచిలోంచి తీసి ఊచల మధ్య నుంచి అందిస్తుంది. టీ కప్పు. తెల్లటి పింగాణీది, అంచు విరిగింది.

నేను రిమోటు పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆ కప్పును అదే ఎపిసోడ్‌లో అంతకుముందే చూశాను. బెల్ కోటకు వచ్చిన కొత్తలో రంపెల్ ఏదో భయంకరమైన పని చెప్పి హాస్యమాడితే, ఆమె అదిరిపడి కప్పు జారవిడుస్తుంది. అంచు విరిగింది, పెద్దగా కనిపించదులెండి అని నేల మీద కూర్చుని భయంభయంగా చూపిస్తుంది. కప్పే కదా అంటాడతను. తర్వాత ఆమెను వెళ్లగొట్టి కోటలో పింగాణీ అంతా పగలగొడుతూ ఆ ఒక్క కప్పు దగ్గర చెయ్యి ఆపుతాడు. ఆమె చనిపోయిందని విన్నాక దాన్ని తీసి పీఠం మీద పెడతాడు. ఇవన్నీ నేను 2013లోనే చూశాను. పూలవాణ్ని కొట్టింది ఈ కప్పు కోసమని మాత్రం తట్టలేదు. షిఫ్టు దిగి వచ్చి సగం నిద్రలో చూసే మనిషికి తట్టకపోవడంలో వింత లేదు గానీ, ఏడేళ్లు ఢంకా బజాయించి చెప్పడం మాత్రం తప్పే.

పాత జర్మన్ కథ గుర్తుందిగా, గడ్డిని బంగారంగా వడికే మరుగుజ్జు. అతని పేరు ఎవరైనా కనిపెడితే అతని ఆట కట్టు. అందుకే ఆ పేరును ప్రాణంలా దాచుకుంటాడు. ఈ సీజన్‌లో అతను పేర్లతోనే వ్యాపారం చేస్తాడు. మొదటి ఎపిసోడ్‌లో జోస్యం చెప్పినందుకు స్నోవైట్ నుంచి పుట్టబోయే పాప పేరు ఫీజుగా తీసుకుంటాడు. అలాంటివాడు, ఎమ్మా ఊళ్లోకి వచ్చిన దగ్గర్నుంచీ మతిమరుపు నటించినవాడు, తనకు అన్నీ గుర్తున్నాయన్న రహస్యాన్ని తన శత్రువుకే నోరారా ఒప్పజెప్పాడు. ఎవరూ కనిపెట్టలేదు, తానే చెప్పాడు. అదీ ఎవరూ పైసా ఇవ్వని కప్పు కోసం. గోల్డ్ కావాలని నష్టానికి చేసిన బేరం అది.

మా పిల్ల తాపీగా, “పిన్నీ, ఈయన చిలక ఆ కప్పులో ఉందన్నమాట,” అంది. ఏడు సముద్రాల అవతల మర్రితొర్రలో చిలుక, చిలుకలో మాంత్రికుడి ప్రాణం అని రోజూ రాత్రి మా అమ్మ దగ్గర వింటున్న పిల్ల మరి. నేను ఇంత రాసి చెప్పినదాన్ని అది ఒక్క మాటలో తేల్చేసింది.

ఆ ఎపిసోడ్ అక్కడితోనూ అయిపోదు. ఆసుపత్రి అడుగు అంతస్తులో తాళం వేసిన గది తలుపు సందులోంచి రెజీనా చూస్తుంది. లోపల బెల్. బతికే ఉంది. రాసినవాళ్లు ఏమీ మరిచిపోలేదు, పదో వంతు కూడా దాచలేదు. నేను పొరపాటన్నది పది ఎపిసోడ్ల ముందే సరిగ్గా పెట్టిన ముడి.

ఇంతా చెప్పాక, ‘ఎక్కడా చెయ్యి తప్పలేదు’ అన్న మాటను కాస్త సర్దుకోవాలి. మొదటిసారి 15 అంగుళాల తెర మీద చూశాం కాబట్టి కోటలు నిజం కోటల్లానే కనిపించాయి. పెద్ద టీవీలో ఆ భ్రమ నిలవదు. చాలా దృశ్యాలు ఆకుపచ్చ తెర ముందు తీసి వెనక కంప్యూటర్ గోడలు అతికించినవి, నటులకీ గోడలకీ పొత్తు కుదరదు. ఊరి వీధులు మాత్రం కెనడాలోని స్టీవ్‌స్టన్ అనే రేవు ఊళ్లో తీశారు, అందుకే అవి ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. కథలోనూ నీళ్లు కలిసిన చోట్లు ఉన్నాయి. పద్నాలుగో ఎపిసోడ్‌లో కొవ్వొత్తులు అమ్మే తతంగం ఎంతకీ తెమలదు. డేవిడ్ ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఊగిసలాడుతూంటే మూడోసారి చూసినప్పుడు నాకు ఓపిక నశించింది. ఊళ్లో అతనికి భార్యగా ఉన్న కాత్రిన్ హత్య కేసూ అంతే, ఆమె బతికి తిరిగొచ్చాక ముందు భయపడ్డదంతా వృథా అనిపిస్తుంది.

బెల్ కథ మీద కూడా పూర్తి మురిపెం లేదిప్పుడు. తనను పనిమనిషిగా కట్టేసుకున్నవాడి మీద ఆమెకు అంత త్వరగా ప్రేమ పుట్టడం 2013లో ముద్దుగా ఉంది. పక్కన పన్నెండేళ్ల పిల్లను కూర్చోబెట్టుకుని చూస్తే అంత ముద్దుగా లేదు. కర్రతో కొట్టే దృశ్యాన్ని కూడా ప్రేమ ఖాతాలో వేయడం నాకు ఇబ్బందిగానే ఉంది. ఇంత చెప్పి, ఊచల దగ్గర ఆ కప్పు అందుకునేటప్పుడు గోల్డ్‌గా వేసిన రాబర్ట్ కార్లైల్ మొహం చూస్తే మళ్లీ లొంగిపోతాను. కోటలో కిలకిలలాడుతూ వేళ్లు తిప్పే మనిషి, ఊళ్లో రెప్ప కూడా అనవసరంగా వేయడు. ఇద్దరూ ఒకరేనని ఆ ఒక్క చూపులో తెలుస్తుంది.

చూడమంటానా అంటే, నా మాటను కొంత తగ్గించి తీసుకోండి. రాత్రంతా మేలుకుని పగలు కర్టెన్లు వేసుకుని పడుకునే నాకు, కాలం ఆగిపోయిన ఊరు సొంత ఊరిలా అనిపించింది. మామూలు వేళల్లో బతికేవాళ్లకు ఆ ఊరు అంత దగ్గరగా రాకపోవచ్చు. శాపం ఇచ్చినవాడే విమోచనమూ చెప్పే కథలు విని పెరిగినవాళ్లకు ముగింపు ఆశ్చర్యమేమీ కాదు, తల్లి ముద్దు దగ్గర కళ్లు చెమర్చితే అది వేరే సంగతి. తర్వాతి సీజన్లలో ఊళ్లోకి మాయ వచ్చేశాక తాకట్టు కొట్టు మామూలు మంత్రాల కొట్టయిపోయింది, నాకు పట్టు తప్పింది. మా పిల్ల మాత్రం అక్కడి నుంచే అసలు కథ అంటుంది. పిల్లలతో చూసేవాళ్లు ఏడో ఎపిసోడ్‌ను ముందు మీరు ఒక్కరే చూడండి, గుండెను పిడికిట్లో నలిపే దృశ్యం ఉంది. పదిహేనో ఎపిసోడ్‌లో తోడేలు ఎవరో ముందే చెప్పకండి.

పన్నెండోది చూసేటప్పుడు మాత్రం, రెజీనా వచ్చి కూర్చున్నాక, చివర్లో పేర్లు పడేదాకా ఎవరూ లేవకండి.