ఆరేళ్లు వాడిన చౌక మల్టీమీటరు: కారు తలుపు సెన్సరు లోపం దగ్గర తేలిన దాని పనితనం

తిరుపతిలో ఆరేళ్ల కిందట 350 రూపాయలకు కొన్న, వోల్టేజీ, కరెంటు వంటివి కొలిచే పసుపుపచ్చ డిజిటల్ మల్టీమీటరు గురించి ఈ సమీక్ష. 9 వోల్టుల చదరపు బ్యాటరీతో నడిచే, ఎలక్ట్రికల్ దుకాణాలన్నింటిలో వేలాడుతూ కనిపించే 830 తరహా మీటరే ఇది. ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీ చూసుకోవడానికి కొన్నాను గానీ, దాని విలువా లోపాలూ నాకు సరిగ్గా తెలిసివచ్చింది మాత్రం నా పాత కారు డ్రైవరు వైపు తలుపు సెన్సరుతో వేగిన నెలన్నర రోజుల్లోనే.

తలుపు గట్టిగా వేసి ఉన్నా అది తెరిచి ఉన్నట్టు డ్యాష్‌బోర్డు మీద ఎర్ర గుర్తు వెలిగేది. మొదట ఘాట్ రోడ్డు మలుపుల్లో ఎప్పుడో ఒకసారి, ఆ తరువాత అలిపిరి తనిఖీ దగ్గర తలుపులన్నీ తెరిచి మూసిన ప్రతిసారీ, చివరికి ఇంటి ముందు నిలిపి ఉన్నప్పుడు కూడా వెలగసాగింది. రిమోట్ నొక్కితే లాక్ పడేది కాదు, లోపలి లైటు ఆరేది కాదు. 5 వాట్ల బల్బే కదా అనుకుంటాం గానీ, 12 వోల్టుల మీద అది 0.4 ఆంపియర్లకు పైగా లాగుతుంది కాబట్టి, పది గంటల రాత్రికి 4 ఆంపియర్ అవర్లు పోయినట్టే. నా కారులోని 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, అందులోనూ నాలుగేళ్ల పాతది, రెండో ఉదయానికే సెల్ఫ్ తిప్పలేక చేతులెత్తేసింది.

ఊళ్లో ఒక షెడ్డులో చూపిస్తే, సెన్సరు తలుపు లాక్ లోపలే ఉంటుంది కనుక లాక్ మొత్తం మార్చాలన్నారు. మార్చారు, డబ్బు తీసుకున్నారు, మూడో రోజు ఎర్ర గుర్తు తిరిగి వచ్చింది. ఫోనుకు కలిపే చిన్న స్కానరు కూడా కొని చూశాను. దానితో వచ్చిన యాప్ ఇంజిను కోడ్లు తప్ప తలుపుల సంగతి చదవనే లేదు.

అప్పుడు మీటరు బయటికి తీశాను. నా కారులో తలుపు తెరిస్తే లాక్ లోపలి చిన్న స్విచ్చు (సెన్సరంటే అదే) ఒక వైరును ఎర్త్‌కు, అంటే కారు బాడీకి, కలుపుతుంది, మూస్తే విడదీస్తుంది. అటువైపు కంట్రోల్ యూనిట్ (తలుపులు, లైట్ల సంగతి చూసే ఎలక్ట్రానిక్ పెట్టె) ఆ వైరు మీద వోల్టేజీ నిలిపి ఉంచి, అది సున్నాకు పడితే తలుపు తెరిచినట్టు లెక్క వేసుకుంటుంది. నేను మొదట చేసిన పొరపాటు, వైరు తెగకుండా ఉంటే కూసే మీటరు బజరును నమ్మడం. రెండు చివర్లా కనెక్టర్లు ఊడదీసి, వైరుకు ఈ కొస నుంచి ఆ కొసకు చూస్తే మీటరు చక్కగా కూసింది, వైరు బాగుందని రెండు రోజులు వృథా చేశాను. వైరు తెగలేదన్నంత వరకే ఆ కూత నిజం, అది మరెక్కడైనా ఎర్త్‌ను తాకుతోందా అన్నది వేరే పరీక్ష.

ఆ పరీక్ష 20 వోల్టుల రేంజిలో జరిగింది. కంట్రోల్ యూనిట్ నిద్రపోకుండా తాళం ఆన్‌లో ఉంచి, లాక్ కనెక్టరు ఊడదీసి, మీటరు ఎర్ర ప్రోబు (కొలిచే సూది) ఆ వైరుకు, నల్లది బాడీ బోల్టుకు పెట్టాను. స్విచ్చే చెడి ఉంటే కనెక్టరు ఊడగానే ఎర్ర గుర్తు ఆరిపోవాలి. నా కారులో ఆరినట్టే ఆరి, వైరు కదిలితే మళ్లీ వెలిగేది. లాక్ మార్చేముందు షెడ్డులో ఈ అర నిమిషం పని చేసి ఉంటే నా డబ్బు మిగిలేది. మా అమ్మాయిని మీటరు చూస్తూ ఉండమని, నేను తలుపుకూ కారు బాడీ స్తంభానికీ మధ్య వైర్లను కప్పి ఉండే నల్లటి రబ్బరు బూటును వేళ్లతో వంచుతూ పోయాను. 11.8, 11.8, మళ్లీ 11.8 అని చదువుతూ ఉన్న పిల్ల ఒక్కసారిగా "నాన్నా, సున్నా అయిపోయింది" అంది. బూటు వెనక్కి లాగితే, తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ ఒకేచోట మడత పడిన రెండు వైర్ల తొడుగులు పగిలి, లోపలి రాగి పచ్చబారి ఒకదానికొకటి ఆనుకుని ఉంది. అందులో ఒకటి సెన్సరుది, రెండోది ఎర్త్‌ది. పాడైన ముక్క కోసి, కొత్త వైరు సోల్డరింగ్ చేసి, వేడికి ముడుచుకుని బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవు తొడిగాను.

ఇక మీటరు లోపాలు. వెనక వెలుగు లేదు, రాత్రి పనికి టార్చి తప్పదు. లోపలి బ్యాటరీ బలహీనపడితే అంకెలు ఎక్కువ చూపిస్తుంది: ఇంజిను ఆపి ఉన్న కారులో 14.9 వోల్టులు చూసి బెదిరిపోయాను, కొత్త బ్యాటరీ వేస్తే 12.5 వచ్చింది. దానితోపాటు వచ్చిన ప్రోబు వైర్లు ఏడాదికే మెడ దగ్గర తెగాయి. అన్నిటికన్నా పెద్ద లోపం, నా మీటరులో కరెంటు కొలిచే 10 ఆంపియర్ల రంధ్రానికి ఫ్యూజు లేదు, కాబట్టి అందులో ప్రోబు ఉంచి మరచిపోయి బ్యాటరీకి ఆనిస్తే వైర్లే కాలుతాయి. నిలిపి ఉన్న కారు ఎంత కరెంటు లాగుతోందో అదే రంధ్రంతో ఒకసారి కొలిచాను. తలుపు తెరిచి ఉండగానే లాక్ నాలుకను స్క్రూడ్రైవరుతో నొక్కి మూసి, కారును నమ్మించి కాసేపు ఆగితే, 0.03 ఆంపియర్లకు దిగింది. తలుపు వేసేముందు హ్యాండిల్ లాగి ఆ నాలుకను విడిపించడం మరిచిపోతే ఆ నాలుకా, స్తంభం మీది కొక్కెమూ ఢీకొంటాయి.

ఇప్పుడు కొనేవారికి ఫ్యూజు, వెలుగు ఉన్న రకం చెబుతాను. నాది మాత్రం మార్చలేదు. గత వానాకాలమంతా ఎర్ర గుర్తు వెలగలేదు. మొన్న ఎడమ తలుపు బూటు కూడా విప్పి చూశాను, అక్కడ ఒక వైరు తొడుగు మీద సన్నని గీత పడి ఉంది.