షెఫీల్డ్‌లో మా కట్టెల పొయ్యి, చిమ్నీ శుభ్రం చేయించిన అనుభవం

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో మేము కొన్న పాత ఇంటి హాల్లో, ఇటుకల చిమ్నీ కింద 5 కిలోవాట్ల కట్టెల పొయ్యి ముందునుంచే ఉంది. మా ఊరి వంటింట్లో పొగ పెంకుల సందుల్లోంచి దానంతటదే పోయేది కనుక, పొగ వెళ్ళే దారిని ఏటా చూసుకోవాలన్న సంగతి నాకు ఈ దేశం వచ్చాకే తెలిసింది. కిందటి ఏడాది పిలిపించిన మనిషి పావుగంటసేపు బ్రష్ ఆడించి, రసీదు ఇచ్చి వెళ్ళిపోయాడు. ఈ సెప్టెంబరులో వేరొకరిని పిలిచాము. ఆయన 75 పౌండ్లు తీసుకుని గంటన్నర పని చేశారు. ఈ సమీక్ష ఆయన పని గురించి.

నేల మీద గుడ్డలు పరిచి, పొయ్యి నోటికి తెర కట్టి, మసిని పీల్చే యంత్రం పెట్టుకున్న తరువాత ఆయన మొదట చేసిన పని, పొయ్యి లోపల మంటకూ గొట్టానికీ మధ్య అడ్డంగా ఉండే పలకను ఊడదీయడం. కిందటిసారి దాన్ని ఎవరూ ముట్టుకోలేదని అప్పుడే తెలిసింది. బ్రష్‌తో రాలిన మసి అంతా ఆ పలక మీదే పేరుకుని, పొగదారిని సగానికి పైగా మూసేసింది. శుభ్రం చేయించామన్న ధీమాతో ఒక చలికాలమంతా అలాగే మంట పెట్టుకున్నామని తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది.

గొట్టం పైభాగంలో మసి పొడిగా లేదు. తారు పూసినట్టు నల్లగా మెరుస్తూ గట్టిపడి ఉంది. మామూలు బ్రష్‌కు అది లొంగదు కనుక, తిరిగే నైలాన్ తీగల పరికరంతో ఓపికగా గీకారు. కారణం అడిగితే, మేము కాల్చే దుంగను అప్పటికప్పుడు చీల్చి లోపలి తేమ కొలిచి చూపించారు: 28 శాతం. ఇంగ్లండులో 2021 మే నుంచి చిన్న మొత్తాల్లో అమ్మే కట్టెల్లో తేమ 20 శాతానికి మించకూడదు. మావి కొన్నవి కావు, పొరుగింటి చెట్టు కొట్టినప్పుడు వచ్చినవి. తడి కట్టె సరిగా మండదు, పొయ్యికి గాలి బాగా తగ్గించి రాత్రంతా నివురుగప్పినట్టు ఉంచితే మరీ మండదు. ఆ పొగలోని ఆవిరులు చల్లటి గొట్టానికి తగిలి తారుగా అంటుకుంటాయి. దానికే నిప్పంటుకుంటే చిమ్నీలో వేడి వెయ్యి డిగ్రీలు దాటగలదు. అలాంటప్పుడు పొయ్యికి గాలి పూర్తిగా మూసి, ఇక్కడి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసి, అందరూ బయటకు రావాలని ఆయన నాకు రెండుసార్లు చెప్పారు.

నేను అన్నిటికన్నా విలువైనదిగా భావించేది చివర్లో చేసిన పొగ పరీక్ష. పొగబిళ్ళ వెలిగించి, పొగ పైకి చక్కగా లాగుతోందని నిర్ధారించుకున్నాక, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందా అని అడిగారు. మన ఇళ్ళలో తాలింపు ఘాటుకు అది పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటుంది. కిటికీలు మూసి ఫ్యాన్ వేయించగానే, పైకి పోతున్న పొగ తడబడి గదిలోకి తిరిగి రావడం నా కళ్ళతో చూశాను. ఫ్యాన్ ఇంట్లో గాలిని బయటకు తోడేస్తుంటే, ఆ లోటు పూడ్చడానికి చిమ్నీలోంచి గాలి కిందికి దిగుతుంది. దానితోపాటు వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. గోడకు గాలిమార్గం పెట్టించేదాకా రెండూ కలిపి వాడవద్దని ధ్రువపత్రంలో రాసి ఇచ్చారు. పొయ్యికి నేరుగా పైన మేము పెట్టుకున్న కార్బన్ మోనాక్సైడ్ అలారాన్ని తీయించి, పొయ్యికి ఒకటి నుంచి మూడు మీటర్ల దూరంలో, గోడలకు 30 సెంటీమీటర్ల ఎడంగా పైకప్పుకు బిగింపజేశారు.

పొయ్యి తలుపు అంచున గాలి చొరకుండా ఉండే సీలు పరీక్ష మాత్రం ఎవరైనా చేసుకోగలిగినదే: తలుపు మధ్య కాగితం పెట్టి మూయాలి, లాగితే సులువుగా వచ్చేస్తే సీలు మార్చాలి. మాది వచ్చేసింది. బూడిదను మూతగల ఇనుప డబ్బాలో, ఇంటి బయట ఉంచమన్నారు. అందులో కణికలు రోజుల తరబడి ఆరకుండా ఉండగలవు.

లోట్లు లేకపోలేదు. సీలు మార్చడం, చిమ్నీ మీద పక్షుల వల బిగించడం ఆయన చేయరు, అందుకు మరొకరిని వెతుక్కోవలసి వచ్చింది. సెప్టెంబరులో అడిగేవారు ఎక్కువ కనుక మూడు వారాలు ఆగవలసి వచ్చింది. అయినా ఈ పనికి ఆ ధర న్యాయమైనదే. కట్టెలు కాల్చేవారు ఏడాదికి రెండుసార్లైనా శుభ్రం చేయించాలి కాబట్టి, రెండో విడతకు ఫిబ్రవరి చివరి వారం ఇప్పుడే తీసుకున్నాము. ఆ తరువాత జాక్‌డా పక్షులు చిమ్నీలలో గూళ్ళు కట్టడం మొదలుపెడతాయి. పక్షులు వాడుతున్న గూటిని తీయడం ఇక్కడి చట్టం ప్రకారం నేరం.