బ్లూస్క్రీన్‌వ్యూ, మెమ్‌టెస్ట్86: ఫార్మాట్ కొట్టించే ముందు వాడి చూడండి

లాప్‌టాప్ మాటిమాటికీ నీలం తెర చూపించి ఆగిపోతోందంటే, శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా చాలాచోట్ల మొదట వినబడే మాట ఒకటే: "ఓఎస్ పోయింది సార్, ఫార్మాట్ కొట్టేస్తే సెట్టయిపోద్ది." ర్యామ్ చెడిపోయిన లాప్‌టాప్‌కి ఎన్ని ఫార్మాట్లు కొట్టినా మళ్లీ అదే తెర. డబ్బులు పోతాయి, పిల్లల ఫొటోలూ పోతాయి. ముందు జబ్బేమిటో తేల్చుకోవాలి. అందుకు క్రాష్ వివరాలు చూపించే నిర్‌సాఫ్ట్ వారి బ్లూస్క్రీన్‌వ్యూ, ర్యామ్‌ని పరీక్షించే పాస్‌మార్క్ వారి మెమ్‌టెస్ట్86 ఉచితంగా దొరుకుతాయి. రెండూ మంచివే. కాకపోతే మొదటిది చెప్పిందల్లా నమ్మకూడదు.

బ్లూస్క్రీన్‌వ్యూ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, జిప్ విప్పి తెరవడమే. క్రాష్ అయినప్పుడు విండోస్ మినీడంప్ ఫోల్డర్లో దాచే ఫైళ్లను చదివి తేదీ, స్టాప్ కోడ్ (నీలం తెర మీద కనబడే తప్పు పేరు), అనుమానం ఉన్న డ్రైవర్ (లాప్‌టాప్ భాగాల్ని విండోస్‌తో కలిపే ప్రోగ్రామ్) పేరు వరసగా చూపిస్తుంది. జాబితా ఖాళీగా ఉంటే సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీ తెరిచి "స్మాల్ మెమరీ డంప్" పెట్టాలి. అక్కడే ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్కు తీసేస్తే కోడ్ తెర మీద నిలబడుతుంది, ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు. కొత్త విండోస్ 11లో ఈ తెర నలుపు రంగులోకి మారింది. కోడ్ మాత్రం కింద ఉంటుంది.

బ్లూస్క్రీన్‌వ్యూ బలహీనత ఒకటుంది. డ్రైవర్ గడిలో తరచూ ఎన్‌టీఓఎస్ కర్నెల్ పేరు కనిపిస్తుంది. అది విండోస్ అసలు భాగం. ఎక్కడ తప్పు జరిగినా చివరికి పట్టుబడేది అదే కాబట్టి, ఆ పేరు చూసి ఓఎస్ పాడైందని తేల్చేయకూడదు. వైఫై, గ్రాఫిక్స్, యాంటీవైరస్ లాంటి బయటి డ్రైవర్ ఒక్కటే వరసగా మూడు నాలుగు క్రాషుల్లో కనబడితే అప్పుడు నమ్మొచ్చు. ఆ మోడల్ డ్రైవర్‌ని లాప్‌టాప్ కంపెనీ సైటు నుంచే తెచ్చి వేయండి, లేదా డివైస్ మేనేజర్లో రోల్‌బ్యాక్ చేసి పాత డ్రైవర్‌కి వెళ్లండి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు ఇలాగే కూలాయి. దానికి మందు ఫార్మాట్ కాదు, సేఫ్ మోడ్‌లో ఒక ఫైలు తీసేయడం.

కోడ్ ఒక్కటి కాకుండా ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్, ఇంకోసారి పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా, మరోసారి ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్ అని మారుతూ వస్తుంటే అనుమానం ర్యామ్ మీదికి వెళ్లాలి. ఇక్కడ మెమ్‌టెస్ట్86కి సాటి లేదు. విండోస్‌తో వచ్చే మెమరీ డయాగ్నస్టిక్ వదిలేసే తప్పుల్ని కూడా ఇది పట్టుకోగలదు. ఖాళీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి (అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది), డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కి దాన్నుంచి బూట్ చేయాలి. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సాఫ్ట్‌వేర్ బూట్ కాకుండా ఆపే సెట్టింగ్) ఆపక్కర్లేదు. ఉచిత వెర్షన్ నాలుగు పాసులకే (పరీక్షలన్నీ నాలుగుసార్లు నడపడానికే) పరిమితం, అది చాలు. కొన్ని గంటలు పడుతుంది కాబట్టి రాత్రి చార్జర్ పెట్టి వదిలేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ర్యామ్ బాగుందని అనుకోకండి. రెండు ర్యామ్ స్టిక్కులుంటే ఒక్కొక్కటే ఉంచి మళ్లీ నడపండి. విప్పేముందు చార్జర్ తీసి, లోపల బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. కళింగపట్నం, బారువ లాంటి సముద్రం గాలి తగిలే ఊళ్లలో కాంటాక్టుల మీద మురికి పేరుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గట్టిగా కూర్చోబెట్టాక మళ్లీ పరీక్షించాకే కొత్త స్టిక్ కొనండి. సన్నటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది. అప్పుడది బోర్డు రిపేరు పనే.

ఈ రెండూ పట్టలేనిది వేడి. నీలం తెర రాకుండానే టక్కున ఆరిపోతే విండోస్ లాగులు చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కర్నెల్ పవర్ 41 అనే ఎంట్రీ చూడండి. బగ్‌చెక్ కోడ్ సున్నా ఉంటే విండోస్ క్రాష్ అయినట్టు కాదు, కరెంటో చార్జరో వేడో చూసుకోవాలి. బ్యాటరీ తీసేసి నేరుగా చార్జర్ మీద నడిపే లాప్‌టాప్ కరెంటు పోయిన క్షణమే ఆరిపోతుంది. ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అని వస్తే, విండోస్ మళ్లీ తెరుచుకున్నప్పుడు డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరవండి. కాషన్ అని చూపిస్తే ముందు ఫైళ్లు బయటికి తీయండి, మిగతావన్నీ తర్వాత.

చివరికి షాపుకే ఇవ్వాల్సి వస్తే కోడ్ ఫొటో, మెమ్‌టెస్ట్ ఫలితం చూపించి, "డేటా ముట్టుకోకుండా ఫలానా భాగం చూడండి" అని చీటీ మీద రాయించుకోండి. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ ముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్ నుంచి రాసి పెట్టుకోండి. బోర్డు మార్చితే ఆ కీ అడుగుతుంది.