150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ: పనితీరుకు మంచి మార్కులు, అమ్మిన దుకాణానికి కావు

ఇన్వర్టర్ కోసం మేము కొన్న ఈ 150 ఆంపియర్-అవర్ (ఏహెచ్) సామర్థ్యపు టాల్ ట్యూబులర్ (లోపల గొట్టాల్లాంటి పలకలుండే పొడవాటి రకం) బ్యాటరీ వేసవి కరెంటు కోతలను సునాయాసంగా తట్టుకుంది. బరువు మాత్రం ఇద్దరు పట్టుకుంటే గానీ కదలనంత ఉంటుంది. ఇనుము సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.87 గ్రాములైతే లోపలి పలకల్లోని సీసానిది 11.34 గ్రాములు. గోటితో గీసినా గీత పడే ఇంత మెత్తని లోహం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఏళ్ల తరబడి నిలవగలగడానికి కారణం, దాని మీద ఏర్పడే లెడ్ సల్ఫేట్ పొర దాదాపు కరగకపోవడమే. అయితే అరకొర ఛార్జింగుతో వదిలేస్తే అదే సల్ఫేట్ పలకలపై గట్టిపడి బ్యాకప్‌ను తినేస్తుంది. లోపలి నీటి మట్టం చూపే ఫ్లోటు ఎరుపు గుర్తుకు దిగగానే డిస్టిల్డ్ వాటర్ పోయాలి. కుళాయి నీళ్లు పనికిరావు.

నా అభ్యంతరమల్లా దుకాణం మీదే. పాత బ్యాటరీ మార్పిడికి వెళ్తే, యాసిడ్‌ను మోరీలో పారబోసి తెమ్మన్నారు. ఆ ద్రవంలో సీసపు లవణాలు ఉంటాయి. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసే ఈ లోహానికి సురక్షిత మోతాదంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పైగా సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కనుక పాత సామాన్ల వాళ్లు దాన్ని ఆరుబయట బొగ్గుల మీదే కరిగించేస్తారు, ఆ ధూళి చుట్టుపక్కల మట్టిలో ఉండిపోతుంది. 2022 నాటి నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీల సేకరణ, రీసైక్లింగ్ బాధ్యత తయారీదారులదే. అందుకే మరో డీలరుకు యాసిడ్‌తో సహా అప్పగించి, రశీదు తీసుకున్నాము. బ్యాటరీకి నాలుగు స్టార్లు, దుకాణానికి ఒకటి.