26650 టార్చి: వెలుగుకి వంక లేదు, సెల్‌తోనే తంటా

భీమవరం దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయి. రాత్రిపూట గట్టు మీద తిరిగేవాడికి టార్చి ఎంత ముఖ్యమో ఈ పని చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. నేను కొన్నేళ్లుగా వాడుతున్నది 26650 అనే, 26 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవుండే రీచార్జబుల్ సెల్‌తో నడిచే టార్చి. ఎన్ని ల్యూమెన్లు, ఎన్ని మోడ్‌లు అన్నవి బాక్సు మీదే ఉంటాయి, అవి వదిలేద్దాం. నాకు కోపమంతా దాని సెల్ సైజు మీద.

వెలుగు మాత్రం నాకు ప్రాణం. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. వనామీ రకం రొయ్య పైకి తేలుతోందా లేదా అన్నది ఆ టైంలోనే చూసుకోవాలి. నీటి మీదకు ఏటవాలుగా వెలుగు కొడితే రొయ్యల కళ్లు ఎర్రగా నిప్పు కణికల్లా మెరుస్తాయి. అంచుల్లో గుంపులుగా కనిపిస్తే వెంటనే నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్ల దగ్గరికి పరుగెత్తాలి. దూరం కొట్టే టార్చి లేకపోతే అవతలి గట్టు దగ్గర ఏం జరుగుతోందో తెలియదు.

కొన్నాళ్లకు సెల్ నీరసించింది. ఫుల్ చార్జి పెట్టినా అర్ధరాత్రి దాటకముందే ఎర్ర లైటు. కొత్త సెల్ వేసేస్తే సరిపోతుందనుకుని బజారుకెళ్లాను. కాస్త సన్నవైన 18650 సెల్‌లు ఎక్కడ పడితే అక్కడ ఉన్నాయి. 26650 అంటే మాత్రం తల అడ్డంగా ఊపడమే. టార్చి అమ్మిన కంపెనీ కూడా విడిగా సెల్ అమ్మడం మానేసింది. ఆన్‌లైన్‌లో 9900 ఎంఏహెచ్ (సెల్ పట్టే చార్జి లెక్క) అని రాసి ఉన్నవి కనిపించాయి. ఈ సైజులో మంచి సెల్ అయినా 5000, మహా అయితే ఇంకొంచెం. తూకం కూడా 90 గ్రాముల దగ్గర ఉండాలి. అంతకంటే బాగా తేలిగ్గా ఉంటే లోపల సరుకు లేనట్టే.

చివరికి సోలార్ లైట్లు రిపేరు చేసే చోట ఒకటి దొరికింది. అదే లావు, అదే పొడవు. ‘సైజు సరిపోయింది కదండీ, ఇంకేం కావాలి’ అన్నాడాయన. ఒంటి మీద చూస్తే 3.2 వోల్ట్ అని ఉంది. అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. మా టార్చికి కావాల్సింది 3.7 వోల్ట్ రకం. అక్కడే వేసి చూపించాడు. వెలుగు సగానికి పడిపోయింది, ఇండికేటర్ అప్పుడే ఎర్రగా మారింది. దానికన్నా పెద్ద సమస్య చార్జింగ్. ఈ టార్చిలోనే టైప్-సి పోర్టు ఉంది, అది 4.2 వోల్టుల దాకా ఎక్కిస్తుంది. ఆ సెల్ 3.65 దగ్గర ఆగాలి. రాత్రంతా షెడ్డులో చార్జింగ్ పెట్టి పడుకునే మనుషులున్న చోట అలాంటిది పెట్టలేను. వద్దని వచ్చేశాను. ఇలా సైజు ఒకటై లోపలి రకం వేరైన సెల్‌లను పక్కపక్కనే పెట్టి అమ్ముతుంటే, తెలియక కొనేవాళ్ల సంగతేమిటన్నదే నా బాధ.

నేను ఊహించని మేలు ఆ తర్వాత జరిగింది. ఇప్పుడు చాలా కొత్త టార్చిల్లో వస్తున్న 21700 సెల్ ఒకటి తెప్పించి ఇందులో వేసి చూశాను. పేరు ప్రకారం అది 70 మిల్లీమీటర్లు, అంటే 5 ఎక్కువ. కానీ మా పాత సెల్‌కు అడుగున, చార్జి మరీ ఎక్కువైనా తక్కువైనా ఆపేసే ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉండేది కాబట్టి అది కూడా దాదాపు అంతే పొడవు. గొట్టం దానికి తగ్గట్టే చేశారు, టెయిల్ క్యాప్ చివరి మర దాకా బిగిసింది. లావు మాత్రం చాలక లోపల కొట్టుకుంటోంది. గోడల్లో వైరింగుకి వేసే 25 ఎంఎం పీవీసీ పైపు ముక్క కోసి, అంచులు ఉప్పు కాగితంతో రుద్ది సెల్‌కి తొడిగాను. స్ప్రింగుకి తగలకుండా పైపును సెల్ కన్నా కాస్త పొట్టిగా ఉంచాను. బటన్ నొక్కగానే ఎప్పటి వెలుగే! ఆ రాత్రి రెండు చెరువుల గట్లూ ఆ వెలుగులోనే తిరిగొచ్చాను.

అన్ని టార్చిల్లో ఇది కుదరదు. తల వైపు కాంటాక్టు చుట్టూ ప్లాస్టిక్ రింగు ఉంటే చదును మొన సెల్ తగలదు. పైగా ఈ సెల్‌కు సొంత ప్రొటెక్షన్ లేదు. చార్జి అడుగంటితే టార్చే ఆపేసేలా ఉంటేనే వేయాలి, నాది అలా ఆపుతుంది. సెల్ మీది ప్లాస్టిక్ పొర చిరిగితే ఇక వాడకూడదు.

సెల్ ఒకసారి ఎక్కిస్తే రాత్రంతా వస్తుందని మా వాళ్లందరికీ చెప్పేవాణ్ణి. అది మీడియంలో పెడితేనే. హైలో కాసేపటికే వేడెక్కి తనే తగ్గిపోతుంది. చేతికి పట్టు బాగుంటుంది, తడి చేతుల్లోంచి జారదు. కానీ జేబులో పట్టదు. ఉప్పు గాలికి స్ప్రింగు మీద పచ్చగా చిలుము పడుతోంది, గుడ్డతో తుడుస్తూ ఉండాల్సిందే.

ఇంట్లో కరెంటు పోయినప్పుడు వాడుకోవడానికైతే ఇంత లావుది అనవసరం. మా నాన్నగారికి 14500 అనే చిన్న రీచార్జబుల్ సెల్‌తోనూ, మామూలు డబుల్ ఎ సెల్‌తోనూ నడిచే చిన్నది ఇచ్చాను. 14500 అయిపోతే డబుల్ ఎ కిరాణా కొట్లో దొరుకుతుంది. ఆ 14500ని మాత్రం గోడ గడియారంలోనో రిమోట్‌లోనో వేయనివ్వకండి, సైజు ఒకటైనా అది 3.7 వోల్ట్.

ఇవాళ కొత్తది కొనాల్సి వస్తే నేను 21700దే తీసుకుంటాను, అదీ సెల్ విడిగా దొరుకుతుందని చూసుకున్నాకే. 26650ది ఇప్పటికే చేతిలో ఉంటే పక్కన పడేయక్కర్లేదు. లోపలి పొడవు కొలిచి, తల వైపు రింగు ఉందో లేదో చూసి, అప్పుడు ఆర్డర్ పెట్టండి.