నాలుగు రోజుల పని: తగ్గాల్సింది రోజులా, గంటలా?

వారానికి నాలుగు రోజులే పని, మూడు రోజులు సెలవు అంటే చేదనేవారు ఉండరు. కానీ ఆ పేరుతో రెండు వేర్వేరు ఏర్పాట్లు నడుస్తున్నాయి. ఒకదానిలో గంటలు తగ్గుతాయి, జీతం తగ్గదు. రెండోదానిలో గంటలు అన్నీ అలాగే ఉంటాయి, వాటిని నాలుగు రోజుల్లో కుక్కుతారు. మన గుమ్మం దాకా వచ్చింది ఈ రెండోదే.

మొదటిదాన్ని 2022లో బ్రిటన్‌లో 61 సంస్థలు ఆరు నెలల పాటు పరీక్షించాయి. ఉద్యోగులు సుమారు 2,900 మంది. జీతం పూర్తిగా ఇచ్చి, పని గంటలు చెప్పుకోదగినంత తగ్గించారు. 71 శాతం మంది తమ అలసట, నిస్సత్తువ తగ్గాయన్నారు. 56 సంస్థలు ఆ పద్ధతినే కొనసాగించాయి. ఇష్టపడి చేరిన సంస్థల్లో ఫలితం బాగుండక ఏమవుతుందని ఎవరైనా అడిగితే న్యాయమే. ఐస్‌లాండ్ అనుభవం ఆ అనుమానాన్ని కొంత సడలిస్తుంది. అక్కడ 2015-2019 మధ్య ఆసుపత్రులు, శిశు సంరక్షణ కేంద్రాలతో సహా ప్రభుత్వ కొలువుల్లో 40 గంటల వారాన్ని 35, 36 గంటలకు దించారు. పత్రికలు దీన్నీ నాలుగు రోజుల వారమనే రాశాయి గానీ, అక్కడ నిజంగా తగ్గింది గంటలే. సమావేశాలు కుదించారు, షిఫ్టులు సర్దారు. పని కుంటుపడలేదు, ఒత్తిడి తగ్గింది. ఆసుపత్రుల్లో మాత్రం అదనపు సిబ్బంది కావలసి వచ్చింది. ఆ ఖర్చు ఎవరో ఒకరు భరించాల్సిందే.

ఇక మన సంగతి. 2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది. రోజుకు 12 గంటల చొప్పున నాలుగు రోజులు పనిచేసే వీలుందని కేంద్ర కార్మిక శాఖ వివరించింది. ఉప్పల్‌లో ఉంటూ గచ్చిబౌలిలో పనిచేసే మనిషిని తీసుకోండి. పని 12 గంటలు, రాకపోకలకు మూడు గంటలు. మిగిలిన తొమ్మిదిలో ఏడు గంటలు నిద్రపోతే, వంటకూ స్నానానికీ పిల్లల చదువుకూ కలిపి దక్కేది రెండు గంటలు. చిన్నపిల్లల తల్లికి ఆ లెక్క అసలు కుదరదు. క్రెష్ అంతసేపు తెరిచి ఉండదు. యంత్రాల దగ్గర ఇంకో ముప్పు: ఎనిమిది, తొమ్మిది గంటలు దాటాక ప్రమాదాలు పెరుగుతాయి. మూడు రోజుల సెలవులో మొదటి రోజు నిద్రకే పోతుంది.

గంటలు తగ్గించే యజమాని దొరికితే రెండో ఆలోచన అక్కరలేదు. దొరకనప్పుడు, అదే 48 గంటలను పంచుకోవాల్సి వస్తే, నా ఓటు ఐదు రోజులకు, రోజుకు సుమారు తొమ్మిదిన్నర గంటలకు. ఆరు రోజుల పనికన్నా ఒక ప్రయాణం తగ్గుతుంది, సాయంత్రం కాస్తయినా మిగులుతుంది. తెలంగాణ వాణిజ్య సంస్థల్లో, ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీల్లో రోజు పరిమితిని 10 గంటలకు పెంచే నిర్ణయాలు 2025లోనే జరిగాయి కాబట్టి ఇది ఊహాలోకపు మాటేమీ కాదు.

పన్నెండు గంటల షిఫ్టు నప్పేవాళ్లూ లేకపోలేదు. ఫ్యాక్టరీ పక్కనే హాస్టల్లో ఉంటూ, ఇల్లు రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న కుర్రాడికి మూడు రోజుల సెలవంటే ఊరికి వెళ్లి రావడం. అతను ఒప్పుకున్నా, ఓవర్‌టైమ్ ఎన్నో గంట నుంచి లెక్కకు వస్తుందో, సెలవు రోజుల్లో డ్యూటీకి రమ్మంటే కాదనవచ్చో లేదో ముందే కాగితం మీద రాయించుకోవాలి.