గ్యాస్ గీజర్ బిగింపు: పనితనం మెచ్చదగ్గది

గీజర్‌ను స్నానాలగదిలోనే పెట్టమని మావారు ఎంత అడిగినా మెకానిక్ ససేమిరా అన్నాడు. తలుపు మూసిన చిన్న గదిలో మంటకు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుందని, దానికి రంగూ వాసనా ఉండవని ఓపికగా చెప్పాడు. వంటింటి వెనక బాల్కనీ గోడకు బిగించి, వేడినీటి గొట్టం మాత్రమే లోపలికి తెచ్చాడు. బాల్కనీకి అద్దాలు వేయించి మూసేయవద్దని మరీ మరీ హెచ్చరించాడు. సబ్బునీళ్లతో ప్రతి అతుకూ తడిపి, బుడగలు వస్తున్నాయేమో చూశాడు. మంట నీలంగా ఉండాలని, పసుపు రంగుకు తిరిగితే వెంటనే ఆపి కబురు చేయమని నన్ను దగ్గరకు పిలిచి చూపించాడు. గొట్టానికి అదనంగా ఖర్చయింది, వేడినీళ్లు రావడానికి కాస్త ఆలస్యమవుతుంది. చిన్నపిల్లలున్న ఇల్లు, నాకు అదొక లెక్క కాదు. ఏటా బర్నర్ శుభ్రం చేయించడానికీ వీళ్లనే పిలుస్తాను.